సాహెల్ ఊళ్లలో ఎండ తోడిన నీరు

ఎండ సాయంతో నీరు తోడాలన్న ప్రయత్నం నేటి సోలార్ ప్యానెళ్ల కంటే చాలా పాతది. 1878లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఫ్రెంచి గణిత అధ్యాపకుడు ఓగుస్తాన్ ముషో అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి, ఆ వేడితో ఆవిరియంత్రాన్ని నడిపి చూపాడు. దాదాపు అదే కాలంలో బొంబాయి హైకోర్టు ఉద్యోగి విలియం ఆడమ్స్ చిన్న చిన్న అద్దాల వరుసలతో రెండున్నర అశ్వశక్తి యంత్రాన్ని తిప్పి, ఉష్ణదేశాల్లో కట్టెలకూ బొగ్గుకూ బదులు ఎండనే వాడుకోవచ్చని వాదిస్తూ ఒక గ్రంథమే రాశాడు. 1913లో అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ షూమన్ కైరో సమీపంలోని మాదీలో పొడవైన తొట్ల ఆకారపు అద్దాలను నిలిపి, నైలు నీటిని నిమిషానికి 6,000 గాలన్ల మేర పొలాలకు ఎత్తిపోయగలిగాడు. అయితే మరుసటి ఏడాదే మొదలైన ప్రపంచయుద్ధమూ, తరువాతి దశాబ్దాల్లో చౌకగా దొరికిన చమురూ ఈ కృషిని మరుగున పడేశాయి.

ఎండ మళ్లీ గుర్తుకు రావడానికి ఒక మహా క్షామం కారణమైంది. సహారా ఎడారికి దక్షిణపుటంచున పశ్చిమం నుంచి తూర్పుకు పట్టీలా పరుచుకున్న సాహెల్ ప్రాంతంలో 1960ల చివర మొదలై 1970ల తొలి అర్ధంలో తీవ్రమైన అనావృష్టి చెరువులనూ చేతితో తవ్విన బావులనూ ఎండగట్టింది, పశువుల మందలను బలిగొంది. భూమి లోతుల్లో నీరు లేకపోలేదు గాని, దాన్ని పైకి తెచ్చే దారే కష్టమైంది. చేతిపంపు కొద్ది కుటుంబాలకు మించి చాలదు, డీజిలు పంపుకు ఇంధనాన్నీ విడిభాగాలనూ ఇసుక దారుల్లో చేరవేయాలి, పైగా 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. అదే ఏడాది మౌరిటానియాలోని షింగెట్టిలో, డకార్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనల ఫలితంగా, ఎండవేడితో నడిచే పంపును నెలకొల్పారు. తక్కువ వేడికే ఆవిరయ్యే ద్రవంతో ఇంజన్ను నడిపే ఈ పద్ధతి శాస్త్రపరంగా చక్కటిదే అయినా, అన్ని గొట్టాలనూ కవాటాలనూ కనిపెట్టుకుని ఉండగల మెకానిక్కు మారుమూల ఊళ్లో దొరకడం అరుదు.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో రూపొందిన సిలికాన్ ఘటం, అంటే వెలుతురును నేరుగా విద్యుత్తుగా మార్చే పలుచని బిళ్ల, మొదట్లో ఉపగ్రహాలకే పరిమితమైనంత ఖరీదైనది. 1970లలో దాని ధర దిగివస్తున్న వేళ ఫ్రెంచి ఇంజనీరు డొమినిక్ కాంపానా ఆ ఘటాలను పంపు మోటారుకు జతపరిచి కోర్సికా దీవిలో పరీక్షించింది. ఆ ప్రయోగాన్ని ఆఫ్రికా ఊళ్లకు చేర్చిన ఘనత ఫాదర్ బెర్నార్ వెర్స్పీరెన్‌ది. మాలీ దేశంలోని సాన్ పట్టణం కేంద్రంగా 'మాలీ ఆక్వా వీవా' అనే సంస్థను నడుపుతూ బోర్లు వేయించిన ఈ మిషనరీ 1977లో నబాసో గ్రామంలో తొలి సోలార్ పంపును నిలిపాడు.

ఈ ఏర్పాటు బలమంతా దాని నిరాడంబరతలో ఉంది. ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు నేరుగా మోటారుకు చేరుతుంది, ఎండ తగినంత ఎక్కగానే పంపు తనంతట తాను మొదలై సాయంత్రానికి ఆగుతుంది, రాత్రి అవసరానికి ట్యాంకులో నీరు నిలవ ఉంటుంది గనుక కొద్దికాలానికే పాడయ్యే బ్యాటరీల పని పడదు. ఒక ఘనమీటరు, అంటే 1,000 లీటర్ల నీటిని 30 మీటర్ల లోతు నుంచి పైకెత్తడానికి కావలసిన శక్తి, మధ్యలో వ్యర్థమయ్యేది పక్కన పెడితే, యూనిట్ కరెంటులో పన్నెండో వంతు మాత్రమే. ఖరీదైన ప్యానెళ్లతోనూ తాగునీటి పథకం సాధ్యమైంది ఇందువల్లనే. మనుషులకూ పశువులకూ దాహం ఎక్కువయ్యే మండుటెండ కాలమే పంపు బాగా పనిచేసే కాలం కావడం ఈ పద్ధతికి దొరికిన అరుదైన పొందిక.

అయినా మాలీ అనుభవం నేర్పిన అసలు పాఠం యంత్రానికి ఆవలిది. పంపు కావలసిన ఊరు ఖర్చులో కొంత భరించాలనీ, మరమ్మతుకు శిక్షణ పొందిన మనుషులు అందుబాటులో ఉండాలనీ వెర్స్పీరెన్ పట్టుబట్టాడు. దాతలు బిగించి వెళ్లిపోయిన యంత్రాలు చిన్న లోపానికే మూలపడే రోజుల్లో ఈ పట్టుదలే సోలార్ పంపును ప్రయోగదశ నుంచి గట్టెక్కించిందని చెప్పడం అతిశయోక్తి కాదు. 1970ల చివర ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ బ్యాంకు కలిసి చేపట్టిన పంపుల పరీక్షలకు ఫిలిప్పీన్స్, సూడాన్‌లతో పాటు మాలీని కూడా ఎంచుకున్నారు.

1990లలో ఐరోపా నిధులతో సాహెల్ దేశాల్లో అమలైన ప్రాంతీయ సౌర కార్యక్రమం 600కు పైగా పంపులను నెలకొల్పుతూ, ఊరు కూడా ఖర్చులో పాలుపంచుకోవాలన్న ఇదే సూత్రాన్ని ఒప్పందాలుగా మార్చింది. ప్యానెళ్ల ఖర్చును కార్యక్రమమే భరించగా, నిర్వహణకూ పంపు మార్పిడికీ డబ్బు కూడబెట్టే బాధ్యత ఆయా ఊళ్ల నీటి కమిటీలపై పడింది. బావినీటికి వెల కట్టే అలవాటు లేని ఊళ్లలో ఇది సులువుగా సాగలేదు, వసూళ్లు కుంటుపడిన చోట్ల పొదుపు నిలవలేదు; ప్యానెళ్లు ఇరవై ఏళ్లకు పైగా మన్నినా మోటారుకు అంత ఆయుష్షు ఉండదు కాబట్టి, అది అరిగిపోయే నాటికి కమిటీ చేతిలో మిగిలిన సొమ్మును బట్టే ఆ ఊరికి నీరు కొనసాగడమో ఆగిపోవడమో జరిగేది.