మెట్రోకి 5 నిమిషాలంటే నమ్మొచ్చా..? స్టేషన్ చుట్టూ ఇళ్లు, షాపులు ఎలా ప్లాన్ చేయాలంటే..

'మెట్రోకి జస్ట్ 5 నిమిషాలు'.. హైదరాబాద్‌లో ఫ్లాట్ల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఇది. అయితే ఆ 5 నిమిషాలు కారులోనా, బైక్ మీదా, నడిచా అన్నది మాత్రం చాలా వాటిలో చెప్పరు. మామూలుగా నడిచే మనిషి నిమిషానికి దాదాపు 80 మీటర్లు వెళ్తాడు. అంటే 5 నిమిషాల నడకంటే 400 మీటర్లు. ఈ చిన్న లెక్క మీదే ఒక పెద్ద ప్లానింగ్ పద్ధతి నిలబడి ఉంది. దాని పేరు ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్.. షార్ట్‌గా టీఓడీ.

అసలేంటీ టీఓడీ?

మెట్రో, రైల్వే, బస్ స్టేషన్ ఏదైనా సరే.. దాని చుట్టూ నడిచి చేరుకునేంత దూరంలోనే ఇళ్లు, ఆఫీసులు, కిరాణా, మెడికల్ షాపులు, స్కూళ్లు కలిపి వచ్చేలా చూడటమే టీఓడీ. 1990ల్లో అమెరికా ప్లానర్ పీటర్ కాల్‌థార్ప్ వల్ల ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. మన దగ్గర కేంద్రం 2017లో జాతీయ టీఓడీ పాలసీ తెచ్చింది. స్టేషన్ నుంచి 500-800 మీటర్ల పరిధిని, అంటే సుమారు 10-12 నిమిషాల నడక దూరాన్ని ప్రత్యేకంగా ప్లాన్ చేయాలన్నది అందులో ముఖ్యమైన విషయం. అక్కడ జనసాంద్రత పెంచాలి, నడకకూ సైకిల్‌కూ పెద్దపీట వేయాలి, సామాన్యులకు అందే ఇళ్లకు చోటివ్వాలి.

హైదరాబాద్ కథే వేరు

ముంబై, ఢిల్లీ లాంటి చోట్ల టీఓడీ అనగానే అదనపు ఎఫ్‌ఎస్‌ఐ గురించి మాట్లాడతారు. ఉన్న స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే పరిమితే ఎఫ్‌ఎస్‌ఐ. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన జీవో 86తో ఆ పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, ప్లాట్ సైజు, చుట్టూ వదిలే ఖాళీ స్థలాన్ని బట్టే బిల్డింగ్ ఎత్తు ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఎత్తుగా కట్టుకునే ఛాన్స్ కొత్తగా ఇవ్వాల్సిన పనేం లేదు. లేనిదల్లా స్టేషన్ మెట్లు దిగాక ఇంటిదాకా సాఫీగా నడిచే దారి.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్ 28న మొదలైంది. తొలి దశ పొడవు 69 కిలోమీటర్లు. పబ్లిక్-ప్రైవేట్ పద్ధతిలో చేపట్టిన ఈ ప్రాజెక్టులో ఎల్ అండ్ టీ సంస్థకు 269 ఎకరాల్లో 1.85 కోట్ల చదరపు అడుగుల మేర కట్టుకునే హక్కులు ఇచ్చారు. టికెట్ల డబ్బులతోనే మెట్రో గట్టెక్కదు, అందుకే రియల్ ఎస్టేట్ ఆదాయం తోడుండాలన్నది లెక్క. అలా పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ వచ్చాయి. ఆదాయం కోసం అది సరే. కానీ స్టేషన్ పక్కన మాల్ కట్టినంత మాత్రాన టీఓడీ అయిపోదు. మాల్‌కి నెలకోసారి వెళ్తాం, ఇంటికి రోజూ వెళ్తాం కదా!

విచిత్రం ఏంటంటే, ఎవరూ ప్లాన్ చేయకుండానే అమీర్‌పేట కాస్త ఇలా తయారైంది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, బట్టల షాపులు, రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్.. అన్నీ నడక దూరంలోనే. బండి లేని కుర్రాడు కూడా అక్కడ హాయిగా బతికేస్తాడు. ఫుట్‌పాత్ విషయం మాత్రం అడగొద్దు!

రైలును ఊరి మధ్యకు తెచ్చిన ఆర్లింగ్‌టన్

ఈ సబ్జెక్టులో ప్లానర్లు ఎక్కువగా చెప్పే ఉదాహరణ వాషింగ్టన్ డీసీ పక్కనే ఉన్న వర్జీనియాలోని ఆర్లింగ్‌టన్ కౌంటీ. అక్కడ మెట్రో లైన్‌ను హైవే మధ్యలోంచి వేస్తే ఖర్చు బాగా తగ్గేది. మొదటి ఆలోచన కూడా అదే. కౌంటీ మాత్రం ఒప్పుకోలేదు. ఖర్చు ఎక్కువైనా సరే, పాత దుకాణాల వీధి కింద నుంచే లైన్ వెళ్లాలని పట్టుబట్టింది. 1979 నాటికి రాస్లిన్ నుంచి బాల్‌స్టన్ దాకా వరుసగా 5 స్టేషన్లు వచ్చాయి. స్టేషన్‌కి దాదాపు 400 మీటర్ల లోపే పెద్ద బిల్డింగులు, దూరం జరిగేకొద్దీ ఎత్తు తగ్గుతూ, చివరికి పాత చిన్న ఇళ్లు అలాగే ఉండేలా ప్లాన్ గీశారు. తర్వాతి దశాబ్దాల్లో వేల ఇళ్లు, ఆఫీసులు వచ్చినా రోడ్ల మీద ట్రాఫిక్ ఆ స్థాయిలో పెరగలేదు.

అదే వర్జీనియాలో, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే యాష్‌బర్న్‌కు 2022 నవంబర్‌లో సిల్వర్ లైన్ వచ్చింది. స్టేషన్ హైవే మధ్యలో ఉంది. దిగినవాళ్లు వంతెన దాటి బయటపడాలి, చాలామందికి అక్కడి నుంచి ఇంటికి కారే దిక్కు. రెండూ మెట్రో స్టేషన్లే. తేడా అంతా లైన్ ఎక్కడ వేయాలో నిర్ణయించిన రోజే వచ్చేసింది.

షాపులు ఎక్కడ పెట్టాలి? పార్కింగ్ ఎంత?

ఇక్కడ డెవలపర్లు సాధారణంగా చేసే పని ప్రతి బిల్డింగ్ కింద షాపులు పెట్టేయడం. చివరికి సగం షట్టర్లకు 'టు లెట్' బోర్డులే మిగులుతాయి. షాపు నడవాలంటే చుట్టూ కాపురాలుండాలి, ముందు నుంచి జనం నడవాలి. కాబట్టి స్టేషన్ నుంచి ఇళ్లకు వెళ్లే ఒకటి రెండు వీధుల్లోనే, షట్టర్ ఫుట్‌పాత్ వైపే తెరుచుకునేలా షాపులు పెట్టాలి. సాయంత్రం ఇంటికెళ్తూ పాలు, కూరగాయలు కొనుక్కునే దారి అది. రాత్రి 9 గంటలకు ఆ షాపుల లైట్లే ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు ధైర్యం.

ఇక ప్రహరీ గోడ సంగతి. మ్యాప్‌లో 300 మీటర్లు కనిపించే స్టేషన్‌కు మధ్యలో పెద్ద గేటెడ్ కమ్యూనిటీ అడ్డొస్తే నడక కిలోమీటర్ దాటొచ్చు. అందుకే లేఅవుట్ దశలోనే 100-150 మీటర్లకో అడ్డదారి వదిలించాలి. గోడ లేచాక అది అయ్యే పని కాదు. కూడళ్లలో రోడ్డు దాటడం ఇంకో గండం. 2023లో వచ్చిన ఉప్పల్ స్కైవాక్ ఆ మేరకు మెట్రో ప్రయాణికులకు ఊరట. ఫుట్‌పాత్ మీద నడవడం ఆర్టికల్ 21 కింద పౌరుల హక్కేనని 2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

పార్కింగ్ చిక్కుముడి తేలికగా వీడదు. 2024లో నాగోల్, మియాపూర్ స్టేషన్లలో పార్కింగ్ ఫీజుపై ప్రయాణికుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. వాళ్ల బాధలో అర్థముంది, ఎందుకంటే వాళ్ల ఇళ్లు నడక దూరంలో లేవు. అలాగని స్టేషన్ పక్కనున్న ఖరీదైన స్థలాన్నంతా బండ్లకే ఇచ్చేస్తే నడిచి వచ్చేవాళ్లకు ఇళ్లు ఎక్కడ కడతారు? లైన్ చివరి స్టేషన్లలో పార్కింగ్, మధ్య స్టేషన్లలో ఇళ్లు.. ఇది కొంత నయమైన పద్ధతి.

మెట్రో వస్తుందనగానే చుట్టూ రేట్లు పెరుగుతాయి. బండి కొనలేక మెట్రో ఎక్కే సేల్స్ గర్ల్, సెక్యూరిటీ గార్డు ముందుగా ఆ ఏరియా ఖాళీ చేస్తారు. కార్లున్నవాళ్లు వచ్చి చేరతారు, స్టేషన్ మాత్రం నిండదు. చిన్న ఫ్లాట్లకు, అద్దె ఇళ్లకు ముందే కొంత వాటా పెట్టాలనేది ఇందుకే. రేట్లు పెరిగాక ఆ స్థలం కొనడం ప్రభుత్వానికి కూడా భారమే.

ఫ్లాట్ కొనేవాళ్లు ఏం చూడాలి?

బ్రోచర్‌లో మ్యాప్ పక్కనపెట్టి స్టేషన్ నుంచి సైట్‌కి ఒకసారి నడవండి. ఫోన్‌లో టైమ్ పెట్టుకోండి. ఎన్నిచోట్ల రోడ్డు మీదకు దిగాల్సి వచ్చిందో, సిగ్నల్ లేని చోట ఎన్నిసార్లు దాటారో లెక్కేయండి. పగలు ఒకసారి, రాత్రి 9 తర్వాత ఒకసారి, వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు ఇంకోసారి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. మీకు 5 నిమిషాలు పట్టిన దారి వాళ్లకు 12 పట్టొచ్చు.