బల్గమ్‌కూ ఒక తారీఖ్ ఉంది

మా ఇండ్లల్ల దాన్ని బల్గమ్ అంటరు. పక్కింటోళ్లు తెమడ అంటరు, గళ్ల అంటరు. పేరేదైనా నలుగురిలో మాట్లాడుకోడానికి శరమ్ పడే చీజ్. యూనానీ హకీములు మాత్రం శరమ్ పడలేదు. ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా అని మనిషి ఒంట్లోని నాలుగు అఖ్లాత్‌లో దాన్ని ఒకటిగా లెక్కగట్టిండ్రు. బాద్‌షాల జంగులకు తారీఖులు రాసేటోళ్లు చానామందే ఉన్నరు. మజ్దూర్ల ఛాతీలో పేరుకున్న బల్గమ్ తారీఖ్ ఎవరు రాయాలె?

మా దిక్కు అది ఇల్లందు నుంచి మొదలైతది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు ఉన్నట్టు కనిపెట్టిండు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కులు తీసుకుంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ షేర్లు కొన్నది. బొగ్గు రైళ్లెక్కి పోయింది. దాని ధూళి తవ్వినోళ్ల ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది.

గోదావరి దాటి భద్రాచలం అడవిలోకి పోతే గనులుండవు గానీ కట్టెల పొయ్యి పొగ ఉంటది, టీబీ ఉంటది. టీబీ తగ్గినంక కూడా కొందరికి లోపలి గాలిగొట్టాలు దెబ్బతిని, సాగిపోయి, వాటిల్ల బల్గమ్ నిలువ ఉంటది. గుంతల నీళ్లు నిలిచినట్టు.

ఈ నిలిచినదాన్ని తీసే ఇల్మ్ ఎప్పటినుంచో ఉంది. 1901లోనే లండన్ డాక్టర్ విలియం ఎవార్ట్, రోగిని వాలుగా పడుకోబెట్టి భూమి ఆకర్షణతోనే బల్గమ్ కిందికి జారేటట్టు చేసే పద్ధతి రాసిండు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఛాతీకి గాయాలైన సిపాయీలకు మెక్‌మాహన్ శ్వాస కసరత్తులు చేయించిండు. 1934లో లండన్ బ్రాంప్టన్ దవాఖానాలో వినిఫ్రెడ్ లింటన్ అనే ఫిజియోథెరపిస్ట్, ఛాతీ ఆపరేషన్ రోగులకు ఈ కసరత్తులు నేర్పింది. 1968లో న్యూజిలాండ్ వాళ్లు దమ్ము రోగుల కోసం ‘హఫ్’ పద్ధతి గురించి రాసిండ్రు. 1979లో బ్రాంప్టన్ వాళ్లు దాన్ని ఇంకా బాగుచేసి చెప్పిండ్రు.

హఫ్ అంటే పెద్ద రాజ్ ఏం కాదు. ముందు నిమ్మళంగా శ్వాస. తర్వాత మూడు నాలుగు సార్లు లోతుగా. ఆ తర్వాత నోరు, గొంతు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టేటట్టు ‘హా’ అని గట్టిగా వదలాలె. ఒకటి రెండు సార్లే. మళ్లీ నిమ్మళంగా. గట్టి దగ్గుకు గొట్టాలు మూసుకపోతయి, మనిషి అలిసిపోతడు. హఫ్‌తో తక్కువ తాఖత్‌తో బల్గమ్ పైకొస్తది.

మా అబ్బా ఇల్లందు గనిలో బొగ్గు నింపిండు. రిటైరైనంక పడుకుంటే దమ్ ఆడక, గోడకు ఆనుకొని కూర్చొనే రాత్రులు గడిపేటోడు. అమ్మీ అరచెయ్యి దోసిలిలా వంచి వీపు మీద తట్టేది. ఎవరూ నేర్పలేదు ఆమెకు. దవాఖానాకు పోతే సిరప్ సీసా, గోళీలు. ఏండ్లకేండ్లు అదే. ఎట్ల దగ్గాలెనో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆఖరి సంవత్సరం ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి పది నిమిషాలు కూర్చోబెట్టి హఫ్ నేర్పింది. అబ్బా చేసి చూసి, “ఇంత చిన్న తర్కీబ్‌ను ఇన్నేండ్లు ఎక్కడ దాచిండ్రు బేటీ?” అన్నడు. ఆ అమ్మాయి జవాబు చెప్పలేకపోయింది.

నిజం కూడా చెప్పాలె. ధూళి వల్ల ఊపిరితిత్తుల్లో పడ్డ మచ్చలను ఏ కసరత్తూ చెరపలేదు. 1952 గనుల చట్టం కింద న్యూమోకోనియోసిస్‌ను సర్కారుకు తెలియజేయాల్సిన రోగంగా లెక్కగట్టిండ్రు. దాని ఇలాజ్ గనిలో ధూళి ఆపడంతోనే మొదలుకావాలె. దగ్గులో ఖూన్ పడితే వీపు తట్టొద్దు, ముందు డాక్టరుకు చూపించాలె. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష జరూర్. తల కిందికి వంచి పడుకోబెట్టడం కూడా అందరికీ సరిపడదు. గుండె జబ్బు ఉన్నోళ్లకు ఖత్రా.

కానీ మిగిలిన బల్గమ్‌ను తీసే పనికి కరెంటు వద్దు, మెషీన్ వద్దు. నేర్పే మనిషి ఒకరు కావాలె. 1901లో కాగితం మీదికెక్కిన ఇల్మ్ మా ఇంటి గుమ్మం దాకా రావడానికి అబ్బా జిందగీ మొత్తం పట్టింది. మీ ఇంట్ల గోడకానుకొని రాత్రులు గడిపే పెద్దాయన ఉంటే, ఈసారి దవాఖానాకు పోయినప్పుడు సిరప్‌తోపాటు ఈ సవాల్ కూడా అడగండి: “దగ్గడం ఎట్లనో నేర్పేటోళ్లు ఇక్కడ ఎవరున్నరు?”