చలి దేశాల తోటల్లో పాదుక పుష్పాలు: లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్ల పెంపకం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పిల్లల ఇంట కొన్ని నెలలు గడిపి వచ్చిన పెద్దలు తెచ్చే ఫోటోలలో ఒక విచిత్రమైన పువ్వు కనిపిస్తూ ఉంటుంది. తెల్లని రేకుల నడుమ గులాబీ రంగు బుడగ వంటి సంచి, చూడగానే మొన ముడుచుకున్న చిన్న జోడును తలపిస్తుంది. అది ఆ రాష్ట్ర పుష్పం. 1902 నుండి ఆ గౌరవం దానిదే. శాస్త్రనామం సిప్రిపీడియం రెజినే. ఇంగ్లీషువారు ఈ జాతి పూలన్నిటినీ లేడీస్ స్లిప్పర్ అంటారు. ఫ్రెంచివారు ‘సాబో ద వేనుస్’ అంటారు. అంటే వీనస్ దేవత పావుకోడు. యానాం నుండి వెళ్ళి ఫ్రాన్సులో స్థిరపడిన కుటుంబాలవారు ఈ పేరు వినే ఉంటారు. గ్రీకు భాష నుండి వచ్చిన శాస్త్రనామానికి కూడా ఇంచుమించు ఇదే అర్థం.

ఈ మొక్కను మన ఊరికి తెచ్చి నాటుకోవచ్చునా అన్నది తరచుగా వినవచ్చే ప్రశ్న. వీలుకాదన్నదే జవాబు. కారణం తెలియాలంటే ముందుగా దీని జీవిత క్రమం తెలియాలి.

సిప్రిపీడియం ప్రజాతిలో సుమారు 50 జాతులు కలవు. అన్నీ ఉత్తరార్ధగోళపు వాసులే. చైనాలోనే 30కి పైగా జాతులున్నవి. మన దేశంలో కార్డిజెరం, హిమాలైకం వంటి కొద్ది జాతులు హిమాలయాల ఎత్తైన లోయలలో పెరుగుతాయి. ఆర్కిడ్ అనగానే చెట్టు కొమ్మను అంటిపెట్టుకున్న మొక్క మన తలపుకు వస్తుంది గాని, ఇవి నేలలో పెరిగేవి. వసంతంలో మొలకెత్తి, పూచి, శరదృతువులో ఆకులు రాల్చి, చలికాలమంతా మంచు కింద భూమిలోని కాండంతో నిద్రిస్తాయి. మరుసటి ఏటి మొగ్గ వేసవి ముగిసేనాటికే నేలలో సిద్ధమై ఉంటుంది. అయితే రెండు మూడు నెలలపాటు ఐదు డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువ చలి తగిలితే తప్ప ఆ మొగ్గ సరిగా మేల్కొనదు. బళ్ళారి, రాయచూరు, బరంపురం, సిరొంచ ఎండల మాట అటుంచి, చల్లని ఊరని పేరున్న హోసూరులో కూడా అంతటి చలి అన్ని నెలలు నిలువదు.

పువ్వు నిర్మాణం ముచ్చటైన మోసం. సంచిలో తేనె ఉండదు. రంగుకు, వాసనకు ఆశపడి లోపల దిగిన చిన్న తేనెటీగ నున్నని అంచులను పట్టుకొని వచ్చిన దారిన ఎక్కలేదు. వెనుకవైపున్న రెండు ఇరుకు సందులే దానికి దారి. అటుగా వెళ్ళేటప్పుడు ముందు కీలాగ్రాన్ని, తరువాత పుప్పొడిని రాసుకొని పోక తప్పదు. ఇలా రెండు పూలలో మోసపోయిన ఈగ వలననే కాయ కడుతుంది. కాయలో వేల కొలది గింజలుంటాయి గాని, అవి ధూళివలె సన్ననివి. వాటిలో ఆహారపు నిల్వ ఉండదు. నేలలోని ఒకరకపు శిలీంధ్రం తోడ్పడితేనే మొలకెత్తుతాయి. అడవిలో గింజ నాటి నుండి పువ్వు నాటికి పది పదిహేనేళ్ళు పట్టవచ్చును. కనుకనే ఒక మొక్కను పెకలించుకొనిపోతే ఆ చోటు త్వరగా పూడదు.

ఇంగ్లండు అనుభవమే ఇందుకు సాక్ష్యం. సిప్రిపీడియం కాల్సియోలస్ అనే పసుపు పావుకోడును పూలకోసం, తోటలకోసం తవ్వి తవ్వి, 1917 నాటికి అది ఆ దేశంలో నశించిందని ప్రకటించారు. 1930లో యార్క్‌షైర్ కొండలలో ఒకే ఒక్క మొక్క కనబడింది. ఆ చోటును దశాబ్దాలపాటు రహస్యంగా ఉంచి, పూచే కాలంలో కాపలా కాశారు. లండనులోని క్యూ ఉద్యానవనపు శాస్త్రజ్ఞులు గింజలను ప్రయోగశాలలో మొలకెత్తించి తిరిగి కొండలలో నాటగా, అలా నాటినవాటిలో మొదటి పువ్వు 2000లో విచ్చింది. మిన్నెసోటాలో 1925 నాటి చట్టం ఈ పూలను కోయడాన్ని, మొక్కలను పెకలించడాన్ని నిషేధించింది. ఫ్రాన్సులోనూ కాల్సియోలస్‌కు చట్టరక్షణ ఉన్నది. అడవి దారిన నడిచేటప్పుడు ఈ పువ్వు కనబడితే, పూజకైనా సరే, కోయరాదని అక్కడికి వెళ్ళే పెద్దలకు ముందుగానే చెప్పి ఉంచుట మేలు. పైగా రెజినే కాడ మీది నూగు కొందరి చర్మానికి దద్దురు పుట్టిస్తుంది.

మరి తోటలో పెంచదలచినవారు ఏమి చేయాలి? ప్రయోగశాలలో గింజ నుండి పెంచిన మొక్కలనే కొనాలి. ఇక్కడే సంకర జాతుల ప్రయోజనం తెలుస్తుంది. జర్మనీకి చెందిన వెర్నర్ ఫ్రాష్ వంటి పెంపకందారులు గత కొన్ని దశాబ్దాలలో అనేక సంకరాలను సృష్టించారు. వాటిలో ‘గిసేలా’ మిక్కిలి ప్రసిద్ధం. దాని తల్లిదండ్రులలో మాక్రాంథోస్ యూరప్, ఆసియాలది. పార్విఫ్లోరం ఉత్తర అమెరికాది. ఈ రెండూ ఏ అడవిలోను కలుసుకోలేవు కనుక గిసేలాను అడవి నుండి తవ్వి తెచ్చే అవకాశమే లేదు. చైనా దేశపు ఫ్లేవం, అమెరికా రెజినేల సంతానమైన ‘ఉల్లా సిల్కెన్స్’, మాక్రాంథోస్, కెంటకియెన్స్‌ల సంతానమైన ‘ఫిలిప్’ కూడా అటువంటివే. సంకరాలు సాధారణంగా తల్లిదండ్రుల కంటె బలమైనవి. త్వరగా గుబురు కడతాయి. నేల విషయంలో అంత పట్టుదల చూపవు. మొదటిసారి పెంచేవారు అకాలే అనే గులాబీ రంగు జాతి జోలికి పోకుండుట మంచిది. అది మిక్కిలి ఆమ్లపు నేలలో తప్ప బ్రతకదు. అనుభవజ్ఞుల చేతిలోనే చనిపోతుంది. నర్సరీలో అది చౌకగా దొరికితే ఎక్కడి నుండి వచ్చిందో అడగండి. గింజతో పెంచిన మొక్కకు కొన్నేళ్ళ శ్రమ ఉన్నది. అందుచేత అది చౌకగా రాదు.

నాటుటకు శరత్కాలం, అనగా ఆకులు ఎండిన తరువాత సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనువైనవి. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు కావాలి. వేర్లు లోతుకు పోవు, పక్కలకు పరచుకుంటాయి. అందుచేత అడుగు లోతు, అంతకు మించిన వెడల్పు గల గుంట చాలును. తోట మట్టి ఒక పాలు, పెర్లైట్ లేక ప్యూమిస్ వంటి తేలిక రాతి పదార్థం ఒకటి రెండు పాళ్ళు కలపాలి. మన అలవాటు చొప్పున పశువుల ఎరువు దట్టించితే వేర్లు కుళ్ళుతాయి. వేర్లను చక్రపు ఆకుల వలె పరచి, మొగ్గ మీద రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఉండేటట్లు కప్పాలి. తెగిన వేరు కొన మరల పెరగదు. కనుక ఒక్క వేరునైనా విరచకుండా చూచుకోవలసినది. వేసవిలో నేల ఎన్నడూ పూర్తిగా ఎండరాదు, నీరు నిలువనూ రాదు. మంచు కంటె చలికాలపు తడి వానే ఎక్కువ హాని చేస్తుంది. మంచు పడని చోట్ల పైన్ ఆకుల కప్పు వేయడం ఆచారం. వసంతంలో మొలకలు లేచాక హఠాత్తుగా గడ్డకట్టే రాత్రి వస్తే ఆ ఏటి పువ్వు పోతుంది. బక్కెట్టు బోర్లించి కాపాడుకోవచ్చును. నత్తల విషయం అక్కడి పిల్లలకు తెలిసినదే. నాలుగైదేళ్ళకు గుబురు దట్టమైతే శరత్తులో విడదీసి పంచుకోవచ్చును.

ఇక తిరుగు ప్రయాణంలో సామానులో దుంపను దాచి తెచ్చే ఆలోచన మానుకోవలసినది. ఆర్కిడ్ జాతులన్నీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో ఉన్నవి. అనుమతి పత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేక సరిహద్దు దాటించుట నేరం. దాటినా మొదటి వేసవికే అది చనిపోతుంది.

దక్షిణాదికి సొంత పావుకోడు లేకపోలేదు. కేరళ, తమిళనాడుల సరిహద్దున అగస్త్యమలలో పాఫియోపెడిలం డ్రూరీ అనే పసుపు పూల జాతి ఉన్నది. ఇది సిప్రిపీడియానికి దాయాది, కాని చలినిద్ర లేని ఉష్ణమండలపు మొక్క. దీనిని శాస్త్రలోకానికి వర్ణించినవాడు మద్రాసు రాష్ట్రపు అటవీ అధికారి బెడ్డోమ్. మన శేషాచలం కొండలలో పెరిగే సైకస్ బెడ్డోమీకి ఆయన పేరే పెట్టారు. సేకరణదారుల దురాశ వలన డ్రూరీ నేడు అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నది. దీనిని సైటిస్ మొదటి పట్టికలో చేర్చారు కనుక అడవి మొక్కల అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం.

ఇంటి ముంగిట ఆర్కిడ్ ఉండాలనే కోరిక ఉన్నవారికి వాండా తగినది. దాని టెస్సెలేటా జాతి మన మామిడి కొమ్మలపై సహజంగానే పెరుగుతుంది. మన ఎండను ఓర్చుకుంటుంది. నర్సరీలో పెంచిన వాండాను మట్టి లేకుండా చెక్క ముక్కకు నారతో కట్టి, వేర్లకు గాలి ఆడేటట్లు వేలాడదీసి, ఎండాకాలంలో రోజూ ఉదయం నీరు చిలకరిస్తే చాలును.