దావాదారు లేని ఆస్తి సర్కారుదేనా? పులికాట్ ఒడ్డు నుంచి కొన్ని మాటలు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

వారసులు లేకుండా చనిపోయినోళ్ల ఆస్తి రాజుకు పోతుందనేది పాత మాట. బ్రాహ్మణుడి సొమ్ము మాత్రం రాజు ముట్టకూడదని శాస్త్రం. మచిలీపట్నం కలెక్టరుకూ కావలి వెంకట నారాయణప్పకూ నడిచిన కేసు ఈ ముడి మీదే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. వారసులు లేకపోతే అదీ సర్కారుదేనని 1860లో తీర్పిచ్చారు. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 296వ అధికరణంలో అదే సూత్రం ఉండిపోయింది. మన రాష్ట్రం 1974లో దీనికి వేరే చట్టమే చేసుకుంది.

ఆ చట్టం నడిచే తీరు చూడండి. అధికారి ఆస్తిని స్వాధీనంలో పెట్టుకుంటాడు, నోటీసు వేస్తాడు, హక్కు ఉందన్నోళ్లు వస్తే విచారిస్తాడు. సర్కారు వారసత్వం ఆఖరి దారి మాత్రమేననీ, వారసులు లేరని రుజువు చేసే బరువు సర్కారు మీదే ఉంటుందనీ 2017లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంటే చచ్చిపోయిన ఆస్తిపరుడి తరఫున ఎవరైనా ఉన్నారా అని రాజ్యం ఊరంతా అడగాలి. బాగానే ఉంది.

మరి బతికున్న యానాది గుడిసె సంగతి? 1905 మద్రాసు భూ ఆక్రమణ చట్టం ఇంకొకరి ఆస్తి కాని భూమంతా సర్కారుదే అంది. ఖాళీ చేయించే ముందు నోటీసు ఇవ్వాలని 7వ సెక్షన్‌లో ఉంది కానీ, అక్కడ రుజువు బరువు మన నెత్తినే. కాగితం లేకపోతే తాతల కాలం నుంచి ఉన్నా ఆక్రమణదారులమే. పట్టా అనే మాట తెలియని జాతిని పట్టా ఏదని అడిగితే ఏం చూపిస్తాం?

శ్రీహరికోట తీసుకోండి. 1835లో మద్రాసు ప్రభుత్వం ఆ దీవిని చేతిలోకి తీసుకుంది. అడవి కట్టె పట్నానికి వంటచెరుకుగా పోయేది. చిరివేరు, ముష్టి గింజలు, తేనె సేకరించి తెచ్చింది మనోళ్లే. అడవిలో ఏది ఎక్కడ దొరుకుతుందో వాళ్లకు తెలుసు, అడవి మాత్రం వాళ్లది కాదు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవినే ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ లేచింది. దీవిలోని యానాదుల కుటుంబాలు తావు మారాల్సి వచ్చింది. రాకెట్ లేచినప్పుడు మేమూ మిద్దెక్కి చూస్తాం, గర్వంగానే ఉంటుంది, అది వేరే మాట.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 29వ సెక్షన్ వారసులు లేని ఆస్తిని సర్కారుకు ఇస్తుంది. కానీ 2(2) ప్రకారం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన వారసులెవరో మన ఆచారం చెప్పాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లేదని కౌంటర్ దగ్గర వెనక్కి పంపిస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బ్యాంకు డబ్బు సంగతి తేలిక. పదేళ్లు ముట్టని ఖాతాలోది రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, అయినా వారసులు ఎప్పుడైనా తమ బ్యాంకునే అడిగి తెచ్చుకోవచ్చు. 2023 నుంచి ఉద్గం పోర్టల్‌లో వెతకొచ్చు. ఉపాధి కూలి పడిన పాత పాసుబుక్కులు జేజి పెట్టెలో ఉంటే పారేయొద్దు.

సరస్సు సంగతి అంత తేలిక కాదు. పులికాట్‌లో మన వైపు భాగం 1976లో పక్షుల అభయారణ్యం అయింది. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. నీళ్లలో దొరికే చేపల మీద సామూహిక హక్కు అడగొచ్చని 3(1)(డి)లో రాసుంది. దరఖాస్తు గ్రామసభకే ఇవ్వాలి. సాక్ష్యానికి పట్టాయే అక్కర్లేదు. పెద్దలు చెప్పింది రాసి పెడితే ఒక సాక్ష్యం. పాత బావి, వల్లకాడు, దేవర తావు ఉంటే ఇంకొకటి. రెండు చాలు.

సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం వైపు పిల్లలం మా హాస్టల్లో కొందరం ఉన్నాం. సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయి, ఎక్కడ వల వేసేవాళ్లు, ఎవరిని ఎక్కడ పూడ్చారు అని ముసలోళ్లను అడిగి రాసుకుంటున్నాం. మీ సంఘంలో డెబ్బై దాటినోళ్లు ఎంతమంది ఉన్నారో కింద రాయండి.