మొవ్వసీమ నూతులు: పెరటినీటిపై ప్రభుత్వ పర్యవేక్షణ చరిత్రము

కూపతటాక నిర్మాణమును గూర్చి మన శాసనములందును ధర్మశాస్త్రములందును లభించు సామగ్రి విస్తారము. చెఱువు త్రవ్వించిన దాత పేరును, గోత్రమును, ఆతడు పొందగోరిన పుణ్యఫలమును శాసనములు స్పష్టముగా జెప్పుచున్నవి. ఆ నీరు త్రాగదగినదో కాదో నిర్ణయించు నధికార మెవ్వరిది యను ప్రశ్నయు చరిత్రకారుని విచారణకు తగినదే. ఊరిచెఱువు విషయమున దీనికి సమాధానము సులభము. పెరటి నూతి విషయమున నట్లు కాదు. నుయ్యి గృహస్థునిది, అందలి నీరు ఇరుగు పొరుగుల నేలనుండి యూఱివచ్చునది, దానివలన బుట్టు రోగము ఊరంతటికిని వ్యాపించునది. ఈ మూడింటి నడుమ ప్రభుత్వము తన స్థానమును ఎట్లు నిర్ణయించుకొనెనో కృష్ణానది దిగువసీమను దృష్టియం దుంచుకొని యిచట పరిశీలింతము.

క్షేత్రయ్య పదములవలన ప్రసిద్ధిగాంచిన మొవ్వగ్రామము బందరునకు పడమట, కూచిపూడికి చేరువను కలదు. ఈ గ్రామమును, బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములును కృష్ణ తెచ్చిన యొండ్రుతోను, ఒకప్పుడు సముద్రము విడిచిన నేలతోను ఏర్పడినవి. లోతున పెక్కుచోట్ల ఉప్పునీరే యుండును. పూర్వపు ఇసుక దిబ్బలలోను, పాత నదీమార్గములలోను మాత్రము వాననీరు నిలిచి, ఉప్పునీటిపై పలుచని మంచినీటి పొరగా తేలుచుండును. మంచినీటి మట్టము సముద్రమట్టమునకు ఒక అడుగు ఎగువ నున్నచో దాని దిగువ సుమారు 40 అడుగుల వఱకు మంచినీ రుండునని గిబెన్, హెర్జ్‌బర్గు అను పండితులు 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది తొలి యేటను నిరూపించిరి. అనగా మట్టము ఒక అడుగు తగ్గినచో కాలక్రమమున అడుగుననుండి నలుబది యడుగుల మేర ఉప్పునీరు పైకి వచ్చునన్నమాట. ఇట్టిచోట నూతులను ఉప్పునూతులనియు, మంచినీళ్ళ నూతులనియు రెండుగా విభజించుట జనులకు సహజమయ్యెను. ఆ విభాగమునకు ప్రమాణము నాలుక.

ప్రాచీన గ్రంథములందలి పరీక్షయు ఇట్టిదే. వరాహమిహిరుడు బృహత్సంహితయందలి దకార్గళాధ్యాయమున, కలకబాఱినదియు, చేదైనదియు, ఉప్పనిదియు, దుర్గంధము గలదియు నగు నీటిని బాగుచేయుటకు అంజనము, తుంగముస్తెలు, వట్టివేరు, ఉసిరిక, ఇండుపగింజ మొదలగువానిని నూతియందు వేయవలెనని చెప్పెను. ఇచట పరీక్షకులు కన్ను, ముక్కు, నాలుక. కౌటిల్యుని యర్థశాస్త్రము మఱియొక మెట్టెక్కి, జలస్థానమునొద్ద మలవిసర్జనము చేసినవారికి నగరాధికారి దండము విధింపవలెనని శాసించెను. రోగమువలనను భయమువలనను అట్లు చేసినవారిని మినహాయించెను. ఇది ప్రభుత్వ పర్యవేక్షణమే. అయినను అది జలస్థానమును మలినపఱచిన వ్యక్తిని దండించునది గాని నీటిని పరీక్షించునది కాదు. ధర్మశాస్త్రములందలి ఉత్సర్గవిధి చేత దాత తన జలాశయమును సర్వభూతములకును విడిచిపెట్టును. ఉత్సర్గము చేయని పెరటినుయ్యి మాత్రము యజమానుని యిష్టమునకే లోబడి యుండెను.

1855లో బెజవాడయొద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమకు కాలువనీరు వచ్చెను. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు ఊరి మంచినీటి చెఱువులను నింపుకొను నాచార మేర్పడెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై విఱుచుకొనిపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. సముద్రము ముంచిన మేర చెఱువులును నూతులును ఉప్పుపట్టెను. ఆ 1864లోనే చెన్నరాజధానియందు ఆరోగ్య విచారణకై శానిటరీ కమీషను ఏర్పడెను. 1866లో బందరు పురపాలక సంఘము వెలసెను. అయితే 1882 నాటి ఈజుమెంట్ల చట్టము, నిర్దిష్టమైన ప్రవాహము లేక భూమిలో నూఱు నీటిని తన హద్దులలో తోడుకొని వినియోగించుకొను హక్కు భూస్వామిదని యంగీకరించెను. హక్కు ఇంత విస్పష్టముగా వ్రాయబడినను, దానికి దీటుగా నీటి శుభ్రతను గూర్చిన బాధ్యత యజమానునిపై బెట్టబడలేదు.

ఈ కాలముననే నాలుక ప్రమాణము సడలెను. 1854లో లండనునగరమున జాన్ స్నో యను వైద్యుడు బ్రాడ్‌వీధి పంపునీటికిని విషూచికిని గల సంబంధమును వెల్లడించెను. చుట్టుపట్లవారు ఆ నీటిని ఇష్టముతో త్రాగుచుండిరి. 1884లో కోఖ్ పండితుడు కలకత్తాలో ఒక చెఱువునీటియందు విషూచిక్రిమిని కనుగొనెను. ఉప్పును నాలుక పట్టగలదు, క్రిమిని పట్టజాలదు. ఉప్పే శత్రువైన మొవ్వసీమవంటి చోట దీని పర్యవసానము తీవ్రము. తియ్యని నుయ్యి దొరకినచో ఊరంతయు దానియొద్దకే చేరును. బిందెలు, చేదలు, తడిపాదములు, నూతిపళ్ళెముపై స్నానపుమురికి, అన్నియు దానిలోనికే పోవును. ఎక్కువమంది నమ్మిన నుయ్యియే ఎక్కువమందికి రోగము నీయగలదు. 19వ శతాబ్ది చివర హాంకిన్ అను పండితుడు ప్రచారమునకు దెచ్చిన పర్మాంగనేటు మందును నూతులలో వేయు పద్ధతి యీ జ్ఞానమునుండి పుట్టినదే.

రుచి నమ్మదగినది కాదనుటకు తెలుగుదేశమే మఱియొక నిదర్శన మిచ్చెను. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరుజిల్లాలో పండ్లు గారకట్టి, ఎముకలు బిగిసి, నడుములు వంగినవారిని పరిశీలించి, త్రాగునూతులలోని ఫ్లోరైడు దీనికి కారణమని వెల్లడించిరి. ఆ విషమును రుచిచే నెఱుగుట యసాధ్యము.

తరువాతి రెండు సంవత్సరములలో రెండు చట్టములు వచ్చినవి. 1938 నాటి చెన్నరాజధాని చట్టము ప్రజల నూతులు మొదలగువానియొద్ద అస్పృశ్యులకు గల ఆటంకములను తొలగింపబూనెను. 1939 నాటి ప్రజారోగ్య చట్టము, ఇట్టి సమగ్ర చట్టములలో భారతదేశమున మొదటిదని ప్రసిద్ధము. మొదటిది నీటిని తోడుకొన నెవ్వరర్హులని యడిగెను. రెండవది ఆ నీటిలో నేమున్నదని యడిగెను. సొంత నూతినైనను శుభ్రపఱుపుమనియు, మరమ్మతు చేయుమనియు యజమానునకు నోటీసిచ్చు మార్గ మేర్పడెను. అంటురోగము వ్యాపింపజేయునని తోచిన నూతినీటి వాడుకను ఆరోగ్యాధికారి నిషేధింపవచ్చును. పెరటిగోడ దాటుటకు ప్రభుత్వమునకు హక్కు లభించెను. కాని రెండు చట్టములకును నడుమ నొక లోపము నిలిచెను. ప్రజల నూతికి రానీయబడని పేదవాడు వేఱొకని పెరటినూతిని కోరుటకు హక్కు లేనివాడు. కాలువ యొడ్డున చెలమనీరే యతనికి గతి. ఆ చెలమకు యజమానుడు లేడు కనుక నోటీసందుకొనువాడును లేడు.

ఈ చట్టపు బలహీనత అధికారమున లేదు, కాలమున నున్నది. అధికారికి అనుమానము కలిగినగాని చట్టము కదలదు. అనుమానము సాధారణముగా రోగము వచ్చిన పిమ్మట కలుగును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచి 10,000 మందికి పైగా బలిగొనిన ఉప్పెన మఱల నూతుల నుప్పుపఱచెను. ఆంధ్రప్రదేశమున 1996, 2002 సంవత్సరముల చట్టములు బావుల నమోదును, మంచినీటి బావికి సమీపమున క్రొత్తబావి త్రవ్వుటపై కట్టడిని ఏర్పఱచెను. వీని ప్రధానచింత నీటి పరిమాణము. నీటి గుణమునకు 1983లో వెలువడి 2012లో సవరింపబడిన భారతీయ ప్రమాణము కలదు: లీటరునకు కరగిన లవణములు 500 మిల్లీగ్రాములు, వేఱు గతి లేనప్పుడు 2,000, నైట్రేటు 45 మిల్లీగ్రాములు, 100 మిల్లీలీటర్లలో మలసంబంధమగు క్రిమి యొక్కటియు నుండరాదు. ఈ ప్రమాణమును తన బోరునకు వర్తింపజేయుట గృహస్థుని వివేకమునకే విడువబడినది. 2019లో ప్రారంభమైన జలజీవన ప్రణాళిక యింటింటి కుళాయిని లక్ష్యముగా గైకొన్నది; కుళాయి వచ్చినను పెరటిబోరు పూడ్చబడదు.

ఈ చరిత్రమువలన తేలు సారాంశ మిది. మన ప్రభుత్వములు తొలుత మలినపఱచినవానిని, పిదప నూతియొఱను, తరువాత నీటి పరిమాణమును కాపాడజూచినవి. పెరటినీటినే క్రమముగా పరీక్షించు బాధ్యత నింకను పూర్తిగా స్వీకరింపలేదు. మొవ్వవంటి గ్రామమున కాలువలు కట్టివేసిన పిదప నొకసారియు, తొలివానలు కురిసిన పిదప నొకసారియు ప్రతి నూతినీటిని పరీక్షించి, ఫలితమును ఊరి పుస్తకమున వ్రాయుట అసాధ్యము కాదు. వేసవి పరీక్ష ఉప్పును, వాన పరీక్ష మలినమును బయలుపఱచును. పాఠశాలా పండితులు రుచియు శుచియు వేఱని బాలురకు బోధించినచో, శాసనకర్తలు వ్రాయక విడిచిన బాధ్యతను గృహస్థులే కోరి తెచ్చుకొందురు.