మసావాత్: తరాజు నేర్పిన కీమియా

మా పెద్దమ్మాయి ఇంటర్ ఫస్టియర్. మొన్న రాత్రి కెమిస్ట్రీ కితాబ్ తెచ్చి నా ముందు పడేసింది. "అబ్బా, ఈ స్టాయికియోమెట్రీ బుర్రకెక్కడం లేదు. సమీకరణాన్ని బ్యాలెన్స్ ఎందుకు చెయ్యాలి?" అంది.

నేను తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. కానీ నోట్లోంచి వచ్చిన మాట ఉర్దూ మీడియం బడిలో నేర్చుకున్నది: "మసావాత్, బేటీ!"

మసావాత్ అంటే బరాబరీ. మనుషుల మధ్య సమానత్వానికీ ఉర్దూలో అదే మాట, సమీకరణానికీ అదే మాట. బాణం గుర్తుకు ఈ పక్క ఎన్ని పరమాణువులుంటే ఆ పక్కా అన్నే ఉండాలి. చర్యలో అవి జోడీలు మార్చుకుంటాయి, అంతేగాని మాయం కావు.

మనవాళ్లు జల్సాల్లో "కెమిస్ట్రీ అంతా మనదే" అని ఫఖర్‌గా చెబుతుంటారు. ఇన్సాఫ్‌గా చూద్దాం. కెమిస్ట్రీ అనే పేరు అరబ్బీ 'అల్-కీమియా' దారిలో యూరప్ చేరింది. 'ఆల్కలీ' కూడా అరబ్బీ 'అల్-ఖలీ'నే. 8వ శతాబ్దపు జాబిర్ బిన్ హయ్యాన్ పేరిట ఉన్న గ్రంథాల్లో మీజాన్, అంటే త్రాసు, గురించి చాలా ఉంది. కానీ అది అక్షరాలకూ అంకెలకూ ముడిపెట్టిన సిద్ధాంతం. మా అమ్మాయి చేసే హిసాబ్ అది కాదు. నిజంగా తూచినవాళ్లూ ఉన్నారు. అల్-బీరూనీ లోహాల, రత్నాల సాంద్రతలు కొలిచాడు. అల్-ఖాజినీ 1121లో త్రాసు మీదే 'మీజాన్ అల్-హిక్మా' అనే కితాబ్ రాశాడు.

రసాయన చర్యను తరాజులో పెట్టి ఖానూన్ తేల్చింది మాత్రం ఫ్రాన్స్‌కు చెందిన లవోయిజే. 1774లో ఆయన మూసేసిన గాజుపాత్రలో తగరాన్ని కాల్చాడు. పాత్ర మొత్తం బరువు రవ్వంత కూడా మారలేదు. మూత తీశాక గాలి లోపలికి దూరింది, అప్పుడు బరువు పెరిగింది. తగరం పట్టేసుకున్నది గాలిలో భాగాన్నేనని అలా తేలింది. 1792లో జర్మనీకి చెందిన రిక్టర్ ఈ లెక్కలకు స్టాయికియోమెట్రీ అని పేరు పెట్టాడు.

ఈ దాస్తాన్‌లో మన హైదరాబాద్‌కూ ఒక సఫా ఉంది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పారు. అందుకోసం 1917లోనే మౌల్వీ అబ్దుల్ హఖ్ నాయకత్వంలో దారుత్తర్జుమా పెట్టి, కితాబులు తర్జుమా చేయించారు, ఇస్తిలాహాత్ తయారుచేయించారు. మూలకం ఉన్సుర్, సమ్మేళనం మురక్కబ్, ఆమ్లం తేజాబ్. 1948 తర్వాత యూనివర్సిటీ ఇంగ్లీషుకు మారింది. మాటలు మాత్రం బడుల్లో మిగిలాయి.

ఆ బడుల్లో చదివిన నాలాంటివాళ్లం ఇంటర్‌లో మునిగాం. ఉత్ప్రేరకాన్ని నేను 'అమల్ అంగేజ్' అని నేర్చుకున్నాను. క్లాసులో 'కాటలిస్ట్' అన్నారు. తెలిసిన సంగతే, కానీ తెలియనివాడిలా వెనక బెంచీలో కూర్చున్నాను. సవాల్ అడగడానికి షర్మ్. సైన్సు అక్కడే వదిలేశాను.

అందుకే ఆ రాత్రి కూతుర్ని అలా వదల్లేదు. వాళ్ల అమ్మీ చేసిన లుఖ్మీలతో మొదలుపెట్టాను. ప్లేటుకు 2 లుఖ్మీలు, 1 గ్లాసు షర్బత్. 20 లుఖ్మీలు, 7 గ్లాసులు ఉంటే ఎన్ని ప్లేట్లు? "ఏడే. ఆరు లుఖ్మీలు మిగులుతాయి" అంది. ముందు అయిపోయేదే హద్దు గీస్తుంది. ఇక్కడ హద్దు షర్బత్.

ఇప్పుడు నీళ్లు. 2 మోల్‌ల హైడ్రోజన్ 4 గ్రాములు, 1 మోల్ ఆక్సిజన్ 32 గ్రాములు, కలిస్తే 36 గ్రాముల నీళ్లు. మరి హైడ్రోజన్ 10 గ్రాములుండి, ఆక్సిజన్ 32 గ్రాములే ఉంటే?

పెన్సిల్ కొరుకుతూ కాసేపు ఆలోచించింది. "నీళ్లు 36 గ్రాములే అబ్బా. హైడ్రోజన్ 6 గ్రాములు మిగిలిపోతుంది. మొత్తం కూడితే 42, మొదట ఉన్నదీ 42. మసావాత్!"

మీ ఇంట్లో పిల్లలు ఏ మీడియంలో చదివినా సరే, ఇంట్లో మాట్లాడే జబాన్‌లో ఒక్కసారి సబక్ చెప్పి చూడండి. పరీక్ష ఇంగ్లీషులో రాసుకోవచ్చు. అర్థం కావడానికి మాత్రం ఇంటి మాట కావాలి.