ఎడమ పెడలు ఎందుకు ఊడలేదంటే

మన బరంపురం సంఘం స్టోరు గదిలో మూలపడి ఉన్న నల్ల హెర్క్యులిస్ సైకిలు సంగతి ఏమైందని చాలామంది అడుగుతున్నారు. వెనకటి కార్యదర్శిగారు దాని మీదే ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసేవారు. ఉగాదికి దాన్ని బాగుచేసి హాల్లో పెడదామని విప్పడం మొదలుపెట్టాం. ఎడమ పెడలు దగ్గరే ఆగిపోయాం.

గోపాల్‌పూర్ ఉప్పుగాలి తెలిసిందే కదా, తుప్పుతో మర పట్టేసింది. పానాకి ఇనప గొట్టం తొడిగి ఇద్దరం వేలాడాం. కదల్లేదు. గ్రైండరుతో కోసేద్దామనుకుంటుండగా, పాత బస్తీలో ఒకప్పుడు సైకిల్ షాపు నడిపిన తాతగారిని పిలుచుకొచ్చాం. ఆయన చూసి ఒకటే అడిగారు: "అది ఏ వైపు పెడలు నాయనా?"

మేం రెండు రోజులుగా దాన్ని ఇంకా బిగిస్తున్నాం!

ఎడమ పెడలుకి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలు బోల్టుకి ఉల్టా. మామూలు మరే వేస్తే, తొక్కే ఒత్తిడికి పెడలు ఇరుసు కొద్దికొద్దిగా తిరిగి దానంతటదే ఊడిపోతుంది. విమానం ఎగరేయకముందు సైకిళ్లు అమ్ముకున్న రైట్ సోదరులు 1900 ప్రాంతంలో, ఊడిరాని పెడలు అంటూ ఈ ఎడమ మరనే ప్రచారం చేసుకున్నారు. కొలత ఇంగ్లీషువాళ్లది: అంగుళంలో 9/16 వంతు మందం, అంగుళానికి 20 మరలు. హెర్క్యులిస్ 1910లో బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ వచ్చాక ఇక్కడే తయారైంది. 1956 చట్టంతో దేశం మీటర్లలోకి మారినా పెడలు మర మాత్రం అంగుళాల్లోనే ఉండిపోయింది. అందుకే కొత్త పెడలు ఈ పాత సైకిలుకి సరిపోయింది.

తాతగారు చెప్పిన గుర్తు ఇది: పానా పిడి పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే, ఏ వైపు పెడలైనా వదులవుతుంది. ముందు రాత్రంతా కిరసనాయిలు పోసి ఉంచమన్నారు. పొద్దున్న సుత్తితో నాలుగు వైపులా మెల్లగా తట్టి, ఒక వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేశారు. బిగించడం ఎందుకంటే తుప్పు ముందు విరగాలట. ఒక్క కిర్రుతో కదిలింది. అది విని మేం చప్పట్లు కొట్టాం, నవ్వుకోండి.

క్రాంకు కాటర్ పిన్ను దగ్గర మాత్రం మాదే తప్పు. నట్టు పూర్తిగా తీసేసి పిన్ను మొన మీద కొట్టాం. మర పుట్టగొడుగులా విచ్చుకుపోయింది. నట్టుని పిన్ను మొనకి సమంగా ఉంచి, క్రాంకు కింద ఇనప గొట్టం దన్నుగా నిలబెట్టి, ఒకే దెబ్బ గట్టిగా వెయ్యాలి. దన్ను లేకపోతే ఆ దెబ్బంతా లోపలి గోళీలకి తగులుతుంది. చిన్న దెబ్బలు పది కొడితే పిన్ను వంగుతుంది తప్ప రాదు.

కుడి కాటర్ పిన్ను, సీటు బోల్టు ఇంకా మిగిలాయి. సీటు బోల్టుకి కిరసనాయిలు పోసి ఉంచాం. ఆదివారం తొమ్మిదింటికి తాతగారు వస్తున్నారు. ఇంట్లో పాత ఇంగ్లీషు కొలతల పానాలున్నవాళ్లు తెచ్చిపెట్టండి. గ్రైండరు మాత్రం ఎవరూ తేవద్దు.